తొమ్మిది పెడళ్లు, ఒక చరణం

ఒకప్పుడు నా దగ్గర తొమ్మిది పెడళ్లు ఉండేవి. ఇప్పుడు ఒకటి ఉంది. మధ్యలో ఏం జరిగిందో చెప్పమని నన్నెవరూ అడగలేదు. నిజామాబాద్‌లో నా దగ్గరికి గిటార్ నేర్చుకోవడానికి వచ్చే మీలాంటివాళ్లు అడిగేది వేరు: "సార్, గిటార్ వాయించెటోనికి అసలు ఎన్ని పెడళ్లు కావాలె?" ఫోన్లో ఎవరి కాళ్ల దగ్గరో పరిచిన పెడళ్ల వరసలు చూసి వచ్చి అడుగుతారు. "ముందు శ్రుతి చేసుకో" అని నేను మాట మార్చేవాణ్ణి. ఇది ఆ ప్రశ్నకు జవాబు. కొంచెం పొడుగు.

ఎరగనివారికి ఒక మాట. గిటార్ నుంచి స్పీకర్ పెట్టెకు పోయే వైరు మధ్యలో, నేల మీద ఉండే చిన్న ఇనుప డబ్బీని పెడల్ అంటారు. కాలితో నొక్కితే గిటార్ గొంతు మారుతుంది. ఒకటి గొంతు చించుతుంది, ఒకటి తీపి చేస్తుంది, ఒకటి బావిలో అరిచినట్టు మారుమోగిస్తుంది. అన్నీ కరెంటు తాగి బతుకుతాయి. కరెంటు పోతే కొన్ని డబ్బీలు పక్కకు తప్పుకుని దారి ఇస్తాయి. కొన్ని తలుపు మూస్తాయి, ఇక ఆ వైరులోంచి శబ్దం రాదు. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే చాలు.

మాది బోధన్ దగ్గర ఒక ఊరి పటేల్ కుటుంబం. చెరుకు బండ్లు ఫ్యాక్టరీ గేటు దాకా బారులు తీరిన రోజుల్లో ఆ బారులో మా బండ్లే ఎక్కువని విన్నాను. నేను చూసింది ఎడ్లు లేని కొట్టం. మా బాపు నాకు భూమి ఇవ్వలేదు, ఒక నియమం ఇచ్చాడు: నలుగురి ముందు నడుము వంచొద్దు. భోజనం దగ్గర గ్లాసు దొర్లినా ఆయన వంగి తీసేవాడు కాదు. ఎవరో ఒకరు వచ్చి తీసేదాకా దాని వైపు చూసేవాడు కూడా కాదు. తీసేవాళ్లు తగ్గిపోయాక మా ఇంట్లో చాలా వస్తువులు పడ్డచోటే ఉండేవి.

ఇంకా కొంత పొలం మిగిలి ఉండగా ఆయన నాకు ఒక గిటార్ కొనిచ్చాడు, సరదాకు. పొలాలన్నీ పోయాక నాకు అన్నం పెట్టింది అదే. నిజామాబాద్‌లో ఒక ఆర్కెస్ట్రాలో చేరాను. పెళ్లిళ్లు, గణేశ్ మండపాలు, బతుకమ్మ మైదానాలు. బాల్కొండ నుంచి బోధన్ దాకా మేము పాడని మండలం లేదు.

మొదటి పెడల్ అవసరానికి కొన్నాను. రెండోది మొదటిదానికి తోడు. మూడోది, ఆర్మూర్ ఆర్కెస్ట్రా గిటారిస్టు దగ్గర ఉందని. ఆ తర్వాత కారణాలు వెతుక్కోవడం మానేశాను. పాత ఇల్లు కూల్చినప్పుడు నా వాటాకు ఒక టేకు దర్వాజా రెక్క వచ్చింది. వడ్రంగం చేసే వడ్లాయనతో దాన్ని అడ్డంగా కోయించి, ఆ చెక్క మీద తొమ్మిదింటినీ వరసగా బిగించాను. ఒకే అడాప్టర్ నుంచి గొలుసులా అన్నిటికీ కరెంటు. మా ఢోలక్ వాయించేవాడు దాన్ని చూసి నడుము మీద చేతులు పెట్టుకుని నవ్వాడు.

"పటేల్ ఎకరాలు పోయినయ్ గని, గీ డబ్బీలు మాత్రం సర్వే నెంబర్లేసినట్టు పెరుగుతున్నయ్."

ఆ మాట అన్నందుకు వాడితో నెల రోజులు మాట్లాడలేదు. నిజం అన్నందుకు అని ఇప్పుడు రాయగలుగుతున్నాను.

పెడళ్ల చెక్క నేల మీద ఉంటుంది. వైర్లు కలపాలంటే వంగాలి. అందుకు నేనొక పద్ధతి పెట్టుకున్నాను. ప్రోగ్రాంకు అందరికంటే గంట ముందు చేరేవాణ్ణి. ఖాళీ హాల్లో, మోకాళ్ల మీద కూర్చుని అన్నీ కలిపి, లేచి ప్యాంటు దులుపుకుని, మొదటి మనిషి లోపలికి వచ్చేసరికి నిటారుగా నిలబడి ఉండేవాణ్ణి. అయిపోయాక చివరి మనిషి వెళ్లేదాకా ఆగి అప్పుడు సర్దుకునేవాణ్ణి. ఇరవై ఏళ్లలో ప్రేక్షకుల్లో ఒక్కరు కూడా నేను వంగడం చూడలేదు. ఆర్కెస్ట్రా వాళ్లు దీన్ని "పటేల్ టైం" అనేవారు. "పటేల్ నడుముల ఇనుప సీకు వెట్టి కన్నరు" అని ఢోలక్ వాడి మాట.

ఇక మా గాయకుడి సంగతి. నాకంటే రెండేళ్లు పెద్ద. వయసులో ఉండగా చెరుకు ఫ్యాక్టరీలో చక్కెర వండేచోట పనిచేశాడు. ఫ్యాక్టరీ ఆగిపోయాక పాటే పనైంది. బోధన్‌లో ఇల్లు, ఇంట్లో భార్య బీడీలు చుట్టేది. మా స్టేజీల మీద గాయకుడికి తన గొంతు తనకు వినిపించే స్పీకర్ వేరే ఉండదు. అందుకని అతను ఎప్పుడూ నా స్పీకర్ పెట్టెకు ఎడమ భుజం ఆనించినంత దగ్గరగా నిలబడేవాడు. నా తీగ మీంచి శ్రుతి అందుకునేవాడు. ఇరవై ఏళ్లు అదే భుజం, అదే చోటు. ఇద్దరం దాని గురించి ఎన్నడూ మాట్లాడుకోలేదు.

ఒక ఏడు అతని గొంతుకు ఆపరేషన్ అయింది. మాట వచ్చింది. పాట కూడా వచ్చింది కానీ పై స్వరాలు పోయాయి. మా ఆర్కెస్ట్రా యజమాని కీబోర్డు వాయించే మాస్టర్. చెడ్డవాడు కాదు. నన్ను పక్కకు పిలిచి చెప్పాడు.

"పటేల్ సాబ్, ఎడపల్లి అవతల పెండ్లొకటున్నది. ఆ దినం ఆయినె గొంతు నిలవడ్డదా, సీజనంత ఆయినెనే. నిలవడలేదా, రికార్డు ట్రాకుల మీద పాడెటోడు ఒకడున్నడు, ఆని పిలుస్త. నన్ను తప్పు వట్టకు."

"ఆయనకు చెప్పినవా?"

"చెప్పిన. 'మంచిది మాస్టర్' అన్నడు. ఇంకేమంటడు?"

గాయకుడు నన్ను బోధన్‌లో తన ఇంటికి రమ్మన్నాడు. మూడు మధ్యాహ్నాలు వెళ్లాను. నేను కింద కూర్చోనని తెలుసు కనుక పక్కింటి నుంచి కుర్చీ తెచ్చి అరుగు మీద వేశాడు. పెడళ్లు లేవు, స్పీకర్ లేదు. ఒట్టి గిటార్. పాటలన్నీ రెండు మెట్లు కిందికి దించాం. అన్నిటికంటే కష్టమైంది ఒక పాత విషాద గీతం. దాని రెండో చరణంలో వాద్యాలన్నీ ఆగిపోతాయి. గిటార్, గొంతు, అంతే. ముప్పై ఏళ్లుగా జనం ఆ చరణం కోసమే అతన్ని పిలిచేవారు.

అతని భార్య గడప దగ్గర చాటలో తంబాకు పెట్టుకుని తునికాకు చుడుతూ వినేది. మొదటి రోజు నేను అడిగాను, "ఎట్లున్నదమ్మా?"

"నాకేం ఎరుక పటేలా. ఈయన మంచిగ పాడినంతసేపు నా చెయ్యి నడుస్తది. శ్రుతి తప్పిండంటె దారం పుటుక్కున తెగుతది. పెండ్లైనప్పటిసంది గంతే."

"నా పాటకు ఇదొక జడ్జి" అని అతను నవ్వాడు.

మొదటి రోజు దారం నాలుగుసార్లు తెగింది. మూడో రోజు ఒక్కసారి కూడా తెగలేదు. రెండు మెట్లు కింద ఆ చరణం కొత్త పాటలా ఉంది. పాతదానిలో ఏడుపు ఉండేది, దీనిలో ఏడ్చి ఊరుకున్నాక ఉండేది ఏదో ఉంది. వెళ్లేటప్పుడు అతను నా వెంట బస్సు దాకా వచ్చాడు.

"పటేలా, పాట లేకుంటె ఇంట్ల నేనెవన్ని? దాని బీడీలకు దారమందిచ్చెటోన్ని. గంతే గద."

పెళ్లి రోజు పొద్దున వ్యానులో అతను నా పక్కన కూర్చున్నాడు. నా కాళ్ల దగ్గర ఉన్న పెడళ్ల చెక్కను చూశాడు.

"గవ్వి ఇయ్యాల వద్దు పటేలా. అరుగు మీద వాయించినట్టె వాయించు. డబ్బీలల్ల తిరిగొస్తె నాకు ఏది అసలు సప్పుడు, ఏది దాని నీడ, ఎర్కైతలేదు. ఇదివరకు గొంతు ఉండె, నడిసింది."

"ఆ ఊరు మాది," అన్నాను. "ఆ ఊళ్లె నేను ఒట్టి చేతులతోని నిలవడ. నీకు తెల్వది."

"నాకు తెల్వదా? మంచిది పటేలా." కిటికీ వైపు తిరిగాడు.

పైగా నేను అతనికి ఉపకారం చేస్తున్నాననుకున్నాను. గొంతు వణికినచోట కాస్త మారుమోత కలిపితే కప్పుకుపోతుంది గదా అని. కప్పమని అతను అడగలేదు.

ఫంక్షన్ హాలు మా ఊరి పొలిమేరలో, రోడ్డు పక్కన. అక్కడ ఒకప్పుడు మా చెరుకు తోట. స్టేజీ ఎక్కడ పడిందో మనసులో కొలుచుకున్నాను: బెల్లం గానుగ ఉండిన చోట. పెళ్లి చేస్తున్నాయన తండ్రి మా ఇంట్లో జీతగాడిగా ఉండేవాడు. కొడుకు ఇప్పుడు రైస్‌మిల్లు యజమాని. మిగతావాళ్లు వ్యాను దగ్గర ఉండగానే నేను పద్ధతి ప్రకారం గంట ముందే ఖాళీ హాల్లోకి చేరి వైర్లు కలుపుకుని నిలబడే సరికి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"పటేలా, మా ఇంట్ల పెండ్లికి మీరొచ్చిండ్రు, గంతకంటె ఏం కావాలె. జర కుర్సీల కూసోని వాయించుండ్రి. మీరు నిలవడితె మా అవ్వ నన్ను తిడతది."

ఆ మాటలో వెక్కిరింత లేదు. ఉంటే నాకు సులభంగా ఉండేది.

"నిలబడే వాయిస్తా" అన్నాను.

లగ్నం అయింది. జనం భోజనాలకు లేచారు, ముందు వరసల్లో పెద్దవాళ్లు కూర్చున్నారు. వాళ్లలో ఆ రైస్‌మిల్లు యజమాని తల్లి కూడా ఉంది. మా నానమ్మ దగ్గర పనిచేసిన మనిషి, చూపు మందగించినా నా వైపే చూస్తోంది. మొదటి పాట బాగా వచ్చింది. మాస్టర్ కీబోర్డు మీంచి బొటనవేలు ఎత్తి చూపాడు. గాయకుడు భుజం సర్దుకుని నా స్పీకర్‌కు ఇంకొంచెం దగ్గరగా జరిగాడు. రెండోది ఆ పాత పాట. మొదటి చరణం దాటాం. మాస్టర్ కీబోర్డు మీంచి చేతులు తీశాడు, ఢోలక్ ఆగింది. రెండో చరణం. నేను, అతను.

అప్పుడు నాకు కాలిన ప్లాస్టిక్ వాసన వచ్చింది.

అడాప్టర్ మాడిపోయింది. పెడళ్ల మీది ఎర్ర దీపాలు తొమ్మిదీ ఒక్కసారే ఆరాయి. స్పీకర్ పనిచేస్తూనే ఉంది. నా చేతిలో తీగలు కదులుతూనే ఉన్నాయి. మధ్యలో ఉన్న డబ్బీలు తలుపు మూశాయి. శబ్దం లేదు.

అతను పాట మధ్యలో తల తిప్పి నన్ను చూశాడు. భయం లేదు ఆ చూపులో. ఇరవై ఏళ్లుగా పక్కనున్న మనిషి ఇప్పుడు కూడా ఏదో చేస్తాడన్న నమ్మకం ఉంది.

చేయాల్సింది చాలా చిన్న పని. వంగి, చెక్కకు ఆ చివర నుంచి స్పీకర్‌కు పోయే వైరు పీకి, నేరుగా నా గిటార్‌కు గుచ్చడం. ఐదు సెకన్లు. ఖాళీ హాళ్లలో చీకట్లో కూడా చేశాను ఆ పని.

నేను వంగలేదు.

ముందు వరస నాకు కనిపిస్తూనే ఉంది. ఆ ముసలామె, ఆమె కొడుకు, ఆ ఊరి పెద్దలు. గానుగ ఉన్న చోట, వాళ్ల ముందు, మోకాళ్ల మీద. నేను ఇంకా నిటారుగా అయ్యాను. మాస్టర్ వైపు చూశాను, ఎవరైనా వచ్చి చూడండి అన్నట్టు. భోజనం దగ్గర గ్లాసు దొర్లినప్పుడు మా బాపు చూసే చూపు అదే అయి ఉంటుంది.

స్టేజీ ఆ చివర నుంచి ఢోలక్ వాడు ఒళ్లోంచి ఢోలక్ దించి, వైర్ల మీంచి దాటుకుంటూ రావడం మొదలుపెట్టాడు. ఈలోపు గాయకుడు ఆగలేదు. ఆగడం అతనికి చేతకాదు. పట్టుకోవడానికి నా తీగ లేదు గనుక అతని గొంతు తనకు తెలిసిన దారి వెతుక్కుంది. ఆ దారి ముప్పై ఏళ్ల పాతది, రెండు మెట్లు పైన ఉంది. అతను ఆ పైకి ఎక్కాడు. చివరి స్వరం దగ్గర గొంతు రెండుగా చీలింది. వెనక భోజనాల బంతి నుంచి ఎవరో నవ్వారు. ఒకళ్లు నవ్వాక ఇంకొందరు.

అతను మైకు స్టాండుకు తగిలించాడు. జనానికి దండం పెట్టాడు. మెట్లు దిగి వెళ్లిపోయాడు.

ఢోలక్ వాడు అప్పటికి వచ్చి వైరు పీకి నా గిటార్‌కు పెట్టాడు. స్పీకర్లోంచి నా తీగ గట్టిగా మోగింది, ఎవరికీ అక్కర్లేనప్పుడు. వాడు కింద కూర్చునే నా మొహంలోకి చూశాడు. మొదటిసారి వాడి మాటలో హాస్యం లేదు.

"వంగితె ఏం పోతుండె పటేలా?"

మాస్టర్ ఉషారు పాట ఎత్తుకుని ప్రోగ్రాం గట్టెక్కించాడు. అయిపోయాక ఆ ముసలామె నన్ను పిలిపించింది. చేయి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

"నీ నిలవడుడు సూస్తె మీ బాపే యాదికొచ్చిండు కొడుకా. మీ తాత గిట్ల గాదు. గీడనే, గీ తొవ్వలనే, చెరుకు బండి బురదల దిగవడితె దోతి ఎగజెక్కి చక్రానికి భుజం వెట్టెటోడు. మా ఆయినె అవుతలి చక్రం, మీ తాత ఇవుతలి చక్రం. భూములు పోయినంక మీ బాపుకే నడుము బిర్రయింది."

అది నిజమో, నన్ను చూసి అప్పటికప్పుడు అల్లిందో నాకు తెలియదు. అడగడానికి మా ఇంట్లో ఎవరూ మిగల్లేదు. ఎన్ని తరాల మర్యాదో అనుకుని నేను మోసింది, బహుశా మా బాపు ఒక్కడి అవమానం.

తిరుగు దారిలో నా పక్క సీటు ఖాళీగా ఉంది. గాయకుడు డ్రైవరు పక్కన కూర్చున్నాడు. బోధన్‌లో దిగి, ఎప్పటిలాగే వ్యాను రేకు మీద రెండుసార్లు తట్టి వెళ్లిపోయాడు. ఆ సీజను నుంచి ట్రాకుల మీద పాడేవాడు వచ్చాడు. తప్పు పాడడు, మంచివాడు. నా స్పీకర్ దగ్గర నిలబడాల్సిన పని అతనికి లేదు.

పది రోజులకు నేను బోధన్ వెళ్లాను. తిడతాడని వెళ్లాను. తిడితే బాగుండునని వెళ్లాను. అతను భార్య పక్కన కూర్చుని బీడీలు కట్టలు కడుతున్నాడు. నన్ను చూసి కుర్చీ కోసం లేచాడు.

"కూసో అన్నా," అన్నాను. అతన్ని అన్నా అని పిలవడం ఇరవై ఏళ్లలో అదే మొదలు. గోడకు ఆనుకుని కింద కూర్చున్నాను. "తప్పు నాది. వైరు పీకితె అయిపోతుండె."

"నీదేం లేదు పటేలా. అలవాటు పాడుగాను, గొంతు పాత తొవ్వకే వోయింది."

"నేను వంగలే అన్నా."

అతను కట్ట కట్టడం ఆపలేదు. "సూసిన" అన్నాడు. అంతే.

అతని భార్య తలెత్తకుండా చెప్పింది. "తిడ్తలేడు, కొడ్తలేడు పటేలా. ఉప్పులేని గంజి తాగినట్టు సప్పగ మాట్లాడుతుండు. గని తానం చేసేటప్పుడు గూడ పాడుతలేడు. నా దారం తెగక పది దినాలైంది."

ఆ మాట విన్నాక నేను ఎక్కువసేపు కూర్చోలేకపోయాను.

స్టేజీ మీద ఇంకొన్నేళ్లు ఉన్నాను. వేళ్ల కీళ్లు బిగుసుకున్నాక దిగాను. ఎనిమిది పెడళ్లు మీకు ముందు వచ్చిన శిష్యులకు ఇచ్చేశాను. శ్రుతి చూపేది ఒక్కటి ఉంచుకున్నాను. దాన్ని నొక్కితే శబ్దం ఆగుతుంది. తొమ్మిదింటిలో ఊరుకోవడం తెలిసింది అదొక్కటే. ఇక దర్వాజా చెక్క. దాన్ని బోధన్ తీసుకెళ్లి గాయకుడి భార్యకు ఇచ్చాను. బీడీ కట్టలు పేర్చుకోవడానికి బాగుందంది. మీ ఇంటి దర్వాజనా అని అడిగింది. అవునన్నాను. గట్టి కట్టె అంది.

ఇప్పుడు జవాబు చెబుతాను. ఎన్ని పెడళ్లయినా కొనుక్కోండి. ఒకటి కొనండి, ఇరవై కొనండి. మీ డబ్బు, మీ సరదా. కానీ ఏదైనా పాటలో మీ తీగను పట్టుకుని ఎవరైనా నిలబడి ఉంటే, ఆ మనిషికీ మీకూ మధ్య ఎన్ని డబ్బీలున్నాయో చూసుకోండి. వాటన్నిటినీ దాటి వైరు పీకడానికి, ఎవరు చూస్తున్నా సరే, వంగగలరో లేదో ముందే తేల్చుకోండి. వంగలేనివాడికి ఒక్క పెడల్ కూడా ఎక్కువే.

వారానికొకసారి మధ్యాహ్నం నేను బోధన్ వెళ్తాను. కింద చాప మీద కూర్చుని ఒట్టి గిటార్ వాయిస్తాను. కీళ్లు సహకరించినంతసేపు. ఆ పాత పాట రెండు మెట్లు కింద ఎత్తుకుంటాను. రెండో చరణం వచ్చేసరికి గొంతుకు ఖాళీ వదిలి, తీగ మాత్రం మీటుతూ పోతాను. ఏళ్లుగా ఆ ఖాళీ ఖాళీగానే ఉంది. గాయకుడు కట్టలు కడుతూ వింటాడు. పాడమని నేను అడగను.

పోయిన వారం కూడా అలాగే వాయించాను. చరణం సగంలో అతని చేతిలో కట్ట ఆగింది. తల దించుకునే ఉన్నాడు. పాట అని కూడా అనలేం, గొంతు లోపల్నుంచి సన్నని గీతలా ఒక శబ్దం. రెండు మెట్లు కింద, నా తీగ ఎక్కడుందో సరిగ్గా అక్కడ. నేను తల ఎత్తలేదు, చెయ్యి ఆపలేదు. అతని భార్య చేతుల వైపే చూస్తూ వాయించాను. ఆకు చుట్టింది, దారం తిప్పింది, ఇంకో ఆకు తీసుకుంది.

దారం తెగలేదు.